ముప్ఫై ఏడో నంబరు ముద్ర

సునాబెడలో పొద్దు ఎనిమిదైనా మంచు లేవదు.
అద్దాలు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని
ఇరవై తొమ్మిదేళ్లు నేను చూసినవి
ఇంజను బ్లేడ్లు.
వేపాకంత ఒకటి, చింతబద్దంత ఒకటి.

ఊదారంగు దీపం కింద పెడితే
పచ్చగా మెరిసే గీత. అదే పగులు.
వెంట్రుకలో సగం.
"అంతేనా?" అంటారు చూడ్డానికొచ్చినోళ్లు.
అంతే బాబూ.
నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగేదానికి
అంతే చాలు.

బాగున్నదాని కాయితం మీద ముద్ర కొట్టేవాణ్ణి.
గుండ్రటిది, బొటనవేలి గోరంత, మధ్యలో 37.
దాన్ని బీరువాలో పెట్టి
తాళంచెవి మొలతాడుకి కట్టుకున్న మనిషిని.
మా ఆవిడ దానికి సవతి అని పేరు పెట్టింది.

ఆ యేడు సరిహద్దు వేడెక్కింది.
టీవీ నిండా పటాలు, ఎర్ర బాణాలు.
శత్రువు లేడని నేననను.
మా మేనల్లుడు ఆ మంచుకొండల్లో కాపలా కాసి
రెండు కాలివేళ్లు అక్కడే వదిలొచ్చాడు.
ఉన్నాడు శత్రువు.
కానీ నూట పన్నెండు బ్లేడ్ల పెట్టెలో
తొమ్మిది గీతలు గీసింది వాడు కాదు.

పక్కన పెట్టాను. ఎర్రచీటీ కట్టాను.
పైనుంచి పెద్దదొర దిగాడు,
భుజాల మీద ఇత్తడి, గొంతులో తేనె.
"దేశం ఎదురుచూస్తోంది పెద్దాయనా,
నీ భూతద్దం కోసం యుద్ధం ఆగుతుందా?"
రాసివ్వండి సార్, అన్నాను.
నవ్వాడు.
పెన్ను జేబులోనే ఉంది. తియ్యలేదు.

మర్నాటికి నేను గోదాములో
గోనెసంచులు లెక్కపెడుతున్నాను.
నా బల్ల దగ్గర రఘు ఖిలో,
పొట్టంగి కొండల కుర్రాడు,
ఆ ఇంట్లో నెలజీతం మొహం చూసిన మొదటివాడు.
వాడి ముద్ర 52. పిడికి రంగు కూడా పోలేదు.
కొట్టు, అన్నారు.
కొట్టాడు.

ఫాల్గుణంలో ఎక్కడో ఇసుక మీద
ఒక విమానం రాలిపోయింది.
నడిపిన అబ్బాయి పేరు పేపర్లో ఒకరోజు, ఫొటో ఒకరోజు.
మూడోరోజు క్రికెట్టు.

విచారణ వచ్చింది, మూడు జీపులూ ఒక ఇనప్పెట్టె.
రిజిస్టరు తిరగేశారు.
52 దొరికింది.
ఎర్రచీటీ దొరకలేదు.
పెద్దదొర అన్న మాట నేను చెప్పబోతే
రాసుకుంటున్న గుమాస్తా పెన్ను ఎత్తేశాడు.
కిటికీలోంచి నీలగిరి చెట్లకేసి చూశాడు.
నోటిమాటకి ముద్ర ఉండదు కదా.

రఘుని తీసేశారు.
దొరకి పతకం వచ్చింది, తర్వాత పింఛనూ వచ్చింది.
ఇప్పుడు రాత్రిళ్లు టీవీలో కూర్చుని
ముప్పులు చెబుతాడు:
ఉత్తరాన ఇంత, పడమట ఇంత, ఆకాశంలో డ్రోన్లు ఇన్ని.
లెక్క తప్పు చెప్పడు, మహా తెలివైనవాడు.
ఒక్క పెట్టె మాత్రం వదిలేస్తాడు.
నేను కూడా, నిజం చెప్పాలి,
ఆ ఎర్రచీటీకి నకలు తీసి ఉంచుకోలేదు.
ఆ తప్పు ఎవరి రిజిస్టర్లోనూ లేదు.

మొన్న సెమిలిగుడ సంత.
రఘు షెడ్డులో కమాండరు జీపు.
లోపల అల్లం బస్తాలు, కోళ్లు, పద్నాలుగు మంది ఆడోళ్లు,
ముందంతా ఘాటు దిగుడు.
వాడు కిందకి దూరి, టార్చి పళ్లతో పట్టుకుని
బ్రేకు గొట్టం మీద వేలు నడిపించాడు,
గుడ్డివాడు మొహం తడిమినట్టు.
బయటికొచ్చి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

డ్రైవరు అరిచాడు. తిట్టాడు. బతిమాలాడు.
పరవాలేదురా, నాదీ పూచీ, అన్నాడు.
రఘు కూతురి లెక్కల నోటుపుస్తకం తెచ్చి
తెల్ల పేజీ తీసి, పెన్ను మూత తీసి
వాడి చేతికిచ్చాడు.
"లెఖ్," అన్నాడు. రాయి.

డ్రైవరు ఆ పెన్నుకేసి చూశాడు.
బస్తాల మీద కూచున్నోళ్లూ చూశారు.
ముందు ఒక ముసలమ్మ దిగింది, కోడిని చంకన పెట్టుకుని.
తర్వాత మిగతావాళ్లు.

ఆఖరికి డ్రైవరు నా పక్కన చతికిలబడి
బీడీ ఉందా తాతా, అన్నాడు.
ఇచ్చాను.